ఆ తోట ఎవరిది? – బడి పాటల్లో మా పిల్లలు

మా బడిలో పొద్దున ప్రార్థన అయ్యాక ఒక పాట పాడిస్తాం. ఏ బడిలోనైనా వినపడేదే. అందరం సమానమే, కులం లేదు, మతం లేదు, ఒకే తోటలో పూసిన పూలం అనే తీరు పాట. డైట్‌లో డి.ఎడ్. చదివే రోజుల్లో సీనియర్ల నోటుబుక్కులోంచి ఎత్తి రాసుకున్నాం. ఉద్యోగం వచ్చిన నాటి నుంచి పాడిస్తూనే ఉన్నాం. ఇరవై ఏళ్ళకు దగ్గరవుతోంది. ఆ పాటలో ఆలోచించాల్సింది ఉందని ఎన్నడూ అనుకోలేదు. కిందటేడు వానాకాలంలో రెండో తరగతి పాప ఒకతె పాట మధ్యలో ఆగిపోయి, “ఆ తోట ఎవరిది సారూ?” అని అడిగింది.

పిల్లలు నవ్వారు. మేమూ నవ్వాం. దేశమే తోట అని ఏదో చెప్పి తప్పించుకున్నాం. కానీ ఆ పాపకు తోట అంటే ఏమిటో మాకన్నా బాగా తెలుసు. మా గూడెం దాటగానే రోడ్డు పక్కన మామిడి తోట ఒకటుంది. చుట్టూ ముళ్ళకంచె, గేటుకు తాళం, లోపల కాపలా మనిషి. 1/70 చట్టం అమల్లో ఉన్న ఏజెన్సీలో ఆ నేల ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి ఎట్లా పోయిందో గూడెంలో ముసలివాళ్ళు కథగా చెబుతారు. రాలిన కాయ ఏరుకోబోయిన పిల్లల్ని తరిమిన తోట అది. అందరం ఒకే తోట పూలం అని గొంతెత్తి పాడమంటే ఆ పాప కళ్ళ ముందు ఏ తోట కనపడాలి?

సమానత్వం నేర్పే పిల్లల పాటలు తెలుగులో తక్కువేం కాదు. మంచి మాట చెబుతున్నాయి గనుక మంచి పాటలే అని మనం ఒప్పేసుకుంటాం. పెద్దవాళ్ళ కవిత్వాన్నయితే పదం పదం పట్టి చూస్తాం, ఇందులో ఎవరున్నారు, ఎవరు లేరు అని వాదులాడుకుంటాం. పిల్లల పాట దగ్గరికొచ్చేసరికి చప్పట్లు కొట్టి వదిలేస్తాం. నిజానికి పెద్దవాళ్ళు కవితను ఒకసారి చదివి పక్కన పెడతారు. పిల్లలు ఒక పాటను ఏడాదికి రెండు వందల సార్లు పాడతారు. ఏది ఎక్కువ లోపలికి పోతుందో చెప్పనక్కర్లేదు.

ఆ తోటలో ఏ పూలున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూశాం. గులాబి, మల్లె, చామంతి, తామర. మా పిల్లలు తెల్లారకముందే లేచి అమ్మతో పోయి ఏరే ఇప్పపువ్వు లేదు. ఎండాకాలంలో అడవి మొత్తం ఎర్రగా మండించే మోదుగ లేదు. మా పాటలకే పేరిచ్చిందని పెద్దలు చెప్పే రేల లేదు. తోటన్నాక తోటమాలి ఉంటాడు. ఏది పువ్వో, ఏది పీకేయాల్సిన మొక్కో వాడే తేలుస్తాడు. ఆ పాట రాసినవాళ్ళకు చెడు ఉద్దేశం ఉందని మేము అనడం లేదు. వాళ్ళ కంటికి ఆనిన పూలు వాళ్ళు రాశారు. మాకు మనసు నొప్పి ఎక్కడంటే, ఇరవై ఏళ్ళుగా మేమూ ఆ నాలుగు పూలే పాడించాం.

ఇంకో చిన్న మాట. ఆ పాటల్లో ‘మనం’ చాలాసార్లు వస్తుంది. తెలుగులో ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. మా కోయ మాటలోనూ ఈ తేడా ఉంది. ఇంగ్లీషులో, హిందీలో లేదు. ఇంత వివరంగా చెప్పగలిగే భాషలో పాట రాస్తూ, ‘మనం’ అని ఊరికే అనేస్తే పని జరిగిపోతుందనుకుంటారు. కలుపుకునేవాడు ముందు ఎదుటివాడి పేరు అడగాలి గదా!

పేరంటే గుర్తొచ్చింది. వీరి వీరి గుమ్మడిపండు ఆట అందరికీ తెలుసు. ఒకరి కళ్ళు మూసి, ఎదురుగా ఇంకొకరిని నిలబెట్టి, వాళ్ళ పేరేంటో చెప్పమంటారు. దాని పాటలో సమానత్వం అన్న మాటే లేదు. ఐనా ఆ ఆట ఆడిస్తుండగా మాకు ఒక సంగతి తెలిసింది. కళ్ళు మూసుకున్న పిల్లవాడు హాజరు పట్టీలో ఉన్న పేర్లు ఒక్కటీ చెప్పలేదు. పట్టీలో జ్యోతి అని ఉన్న పిల్ల వాడికి జోగి. ఇంద్రకుమార్ అని ఉన్నవాడు ఇడుమడు. బడిలో చేర్చుకునేటప్పుడు ‘ఇదేం పేరు’ అని ఎవరో సారు దిద్దిన పేర్లవి. దిద్దిన సార్లలో మాలాంటివాళ్ళూ ఉన్నారు, దాచుకోవడం ఎందుకు. తాత పేరు మనవడికి పెట్టుకునే ఇళ్ళలో అట్లా ఒక తాతను చెరిపేశాం. ఆ చిన్న ఆటపాట మాత్రం చెరపలేదు. పేరు చెప్పమని అడిగింది, వాళ్ళు అసలు పేరు చెప్పారు. మేము పిల్లల పాటను తూచే రాయి అక్కడే దొరికింది. పాటలో పిల్లవాడు తన పేరో, తన ఊరో, తన ఇంటి మాటో పెట్టుకునేందుకు జాగా ఉందా లేదా?

చిట్టి చిలకమ్మ పాట కూడా ఈ తూకానికి నిలుస్తుంది. చిలకను పెద్దవాళ్ళు అడుగుతారు, చిలక జవాబు చెబుతుంది. అమ్మ కొట్టిన సంగతి దగ్గర మొదలై తోటకు పోవడం, పండు తేవడం, మింగడం దాకా నడుస్తుంది. నీతి ఏమీ లేదు. కొట్టినందుకు ఏడ్చిందని గానీ, బుద్ధి తెచ్చుకుందని గానీ లేదు. చిలక తన పని తాను చూసుకుంది. మా పిల్లలకు తెలుగు రాని రోజుల్లోనే ఈ పాట ఎట్లా పట్టుబడుతుందా అని చాలాకాలం ఆశ్చర్యపోయేవాళ్ళం. ప్రశ్నా జవాబుల పాట కావడం వల్లే అని ఇప్పుడనిపిస్తోంది. అందులో పెద్ద గొంతుకూ చిన్న గొంతుకూ వంతు సమానంగా ఉంది. ఒక పిల్ల పండు బదులు తునికిపండు అంటుంది, ఇంకొకడు పరికిపండు అంటాడు. పాట విరగదు.

విరిగే పాటలు వేరే ఉన్నాయి. మండల కేంద్రంలో ప్రైవేటు బళ్ళు పెట్టాక మా గూడేల్లోకి కూడా ఇంగ్లీషు రైములు వచ్చాయి. బుగ్గలు, గడ్డం, ఉంగరాల జుట్టు, తెల్లని ఒళ్ళు, నీలి కళ్ళు వర్ణించే రైము ఒకటి ఉంది. అందరూ విన్నదే. అన్న కూతురు ప్రైవేటు బడికి పోతుంటే, ఆ పిల్ల దగ్గర మా బడి పిల్ల కూడా నేర్చుకుని వచ్చింది. చేతులు తిప్పుతూ ఒంటిని చూపించి తెల్లన అంది, కళ్ళను చూపించి నీలం అంది. తరగతిలో ఎవరూ నవ్వలేదు. వాళ్ళకూ అర్థం తెలియదు. అర్థం చెప్పాలా వద్దా అని మేమే ఆగిపోయాం. చెబితే, నీ ఒళ్ళూ నీ కళ్ళూ ఈ పాటలో లేవని చెప్పినట్టే. చెప్పకపోతే, పెద్దయ్యాక ఒకరోజు తనే తెలుసుకుంటుంది. తెల్లదనం అందమని చెప్పే పాటలు తెలుగులోనూ ఉన్నాయి, ఇంగ్లీషునొక్కదాన్నే అని లాభం లేదు. హంసను పొగడటానికి కాకిని తిట్టే పాటలు ఎన్ని లేవు! మా దగ్గర పిల్లలు కొట్లాడుకుంటే నోట వచ్చే మొదటి తిట్టు ‘నల్లోడా’. ఇద్దరూ ఒకే రంగు. ఆ తిట్టు గూడెంలో పుట్టింది కాదు.

దీనికి కొస ఎక్కడ తేలుతుందంటే స్టేజీ మీద. ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం వస్తుంది. పిల్లల చేత కార్యక్రమం చేయించాలి. ఒక ఏడాది ఒక చోట పోటీలకు మా పిల్లల్ని తీసుకుపోయాం. మాకన్నా ముందు స్టేజీ ఎక్కిన పిల్లలకు నడుముకు ఆకులు కట్టారు, నెత్తిన ఈకలు పెట్టారు, మొహాలకు, చేతులకు నల్లరంగు పూశారు. సినిమాలో అడవి మనుషుల పాట పెట్టారు. అర్థం లేని కూతలు, చేతిలో బల్లెం. ఆ పిల్లలు ఆదివాసీ పిల్లలే. మా పిల్లల మేనత్త కొడుకులు కూడా అందులో ఉన్నారు. నల్లని పిల్లవాడి మొహానికి నల్లరంగు పూసి, ఇదీ నువ్వు అని చూపించడం ఎంత దూరం పోయినట్టు! దానికే మొదటి బహుమతి వచ్చింది. తిరిగొస్తూ ఆటోలో మా పిల్లలు ఆ కూతలే కూశారు. మేము ఆపలేదు. ఏమని ఆపాలి? మేము తీసుకుపోయిన పాటేమో మళ్ళీ ఆ తోట పాటే.

ఈ రెండు పాటలూ ఒకదానికొకటి ఎదురు అనుకునేవాళ్ళం. ఒకటి అందరూ సమానం అంటుంది, ఇంకొకటి ఎగతాళి చేస్తుంది. రెంటికీ పోలిక ఉందని ఆ రోజు ఆటోలోనే తట్టింది. రెంటిలోనూ పిల్లవాడు తన బట్టలు విప్పి ఎవరో ఇచ్చిన బట్టలు తొడుక్కోవాలి. ఒకచోట తెల్ల బట్టలు, ఒకచోట ఆకులు.

ఆగస్టులోనే ఇంకో దినం వస్తుంది, 29వ తేదీ, తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి పుట్టినరోజు. ఆ రోజు మా బళ్ళల్లోనూ తెలుగు గొప్పతనం మీద పాటలు పాడిస్తారు. ఆయన వాడుక భాష కోసం పోరాడిన సంగతి అందరూ చెబుతారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు, వాచకాలు రాశారు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. తెలుగు గురించి మాట్లాడేటప్పుడు ఆయన్ను తలుచుకుని, ఆ రోజున సవర పాట ఒక్కటీ పాడించకపోవడం విచిత్రంగా లేదా? కోయ పాటో, గోండి పాటో, కొలామి పాటో పాడించినా ఆయనకు కోపం వచ్చేది కాదు. సంతోషించేవారు.

ఆదిలాబాదు వైపు మార్లవాయిలో 1940లలోనే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు, గోండి వాచకాలు తయారు చేయించారు. హైమెన్‌డార్ఫ్ దంపతుల పేరు ఆ ఊళ్ళో ఇవాళ్టికీ నిలిచి ఉంది. మా కాలంలో, ఉమ్మడి రాష్ట్రం ఉండగా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తెచ్చారు. తెలుగు లిపిలో కోయ మాట అచ్చులో చూసిన రోజు మాకు గుర్తుంది. పుస్తకం ఉంటే సరిపోదు, పాడే నోరు కావాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి 3వ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు గురించి ఉద్యోగాల లెక్కలోనే మాట్లాడారు. పిల్లల పాటల లెక్కలో కూడా మాట్లాడాలి. కోయ రాని సారు ఎంత మంచివాడైనా పిల్ల కోయలో పాడింది తప్పో ఒప్పో చెప్పలేడు. అందుకని పాడవద్దంటాడు.

రేల పాట సంగతికి వద్దాం. మా పెళ్ళిళ్ళలో, భూమి పండుగలో, కొత్తల పండుగలో చేతులు పట్టుకుని వరసగా, గుండ్రంగా తిరుగుతూ పాడతారు. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు. ఎత్తుకున్నవాళ్ళు అలసిపోతే పక్కవాళ్ళు ఎత్తుకుంటారు. ఆ రోజు ఎవరొచ్చారో, వాగు ఎట్లా పారుతుందో, ఎవరి పెళ్ళి ఎవరితో ఐందో అప్పటికప్పుడు పాటలోకి వస్తుంది. ఆరేళ్ళ పిల్ల వరస చివర పట్టుకుని కాళ్ళతోనే నేర్చుకుంటుంది. దాని అడుగు పొట్టిది గనుక వరసంతా కొంచెం నిదానంగా నడుస్తుంది. చూడటానికి వేరే జనం ఉండరు. ఉన్నవాళ్ళంతా వరసలోనే. సమానం అన్న మాట పాటలో ఎక్కడా వినపడదు. ఆ పని కాళ్ళు చేస్తాయి. సమానత్వం మీద పాటలు రాసేవాళ్ళు ఒకసారి వచ్చి ఈ వరసలో నాలుగు అడుగులు వేయాలని మా కోరిక.

ఇంత పొగిడాక మా తప్పులు చెప్పకపోతే ఈ వ్యాసం కూడా తోట పాట లాంటిదే అవుతుంది. మా పాటల్లోనూ ఎగతాళి ఉంది. పెళ్ళిలో కుంటివాణ్ణి, గుడ్డివాణ్ణి వెక్కిరించే మాటలు మేము నవ్వుకుంటూ పాడతాం. ఆ నవ్వు వినే పిల్లవాడు ఒకడు గోడ పక్కన కూర్చుని ఉంటాడు. డోలు మగవాళ్ళదే అంటాం. మా బడిలో డోలు ఒకటి ఉంది. అయిదో తరగతి పిల్ల ఒకతె దాన్ని వాయించడం మొదలుపెట్టింది. మగపిల్లలకన్నా దెబ్బ గట్టిగా, తూకంగా పడేది. నాలుగు రోజులకు ఒక తాత బడికొచ్చాడు. “ఆడపిల్ల డోలు ముట్టొద్దు బిడ్డా, ఎప్పుడన్నా ముట్టిందా?” అన్నాడు. మాతో గట్టిగా మాట్లాడలేదు, బాధగా మాట్లాడాడు. చాలాసేపు కూర్చుని చివరికి ఆయనే ఒక దారి చెప్పాడు. బడి డోలు వేరు, పండుగ డోలు వేరు, బడి డోలు వాయించుకోనివ్వండి అని. ఒప్పుకున్నాం. ఒప్పుకోవడం సరైందేనా అని ఇంకా మాలో మాకే తగాదా. ఆ పిల్ల బడి దాటాక ఏం వాయించాలి?

అంతకన్నా బరువైంది ఇంకొకటుంది. చాలా ఏళ్ళ కిందట నాలుగో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. గొంతు సన్నం, నిలకడ. ఆడపిల్లల వరసలో నిలబడి వాళ్ళ వంతు పాడేవాడు. వాడికి అదే ఇష్టం. ఆడపిల్లలకు అభ్యంతరం లేదు, గూడెంలో కూడా ఎవరూ ఏమీ అనలేదు. అన్నది మేమే. వార్షికోత్సవానికి పై అధికారులు వస్తున్నారని, చూసేవాళ్ళు నవ్వుతారని, వాణ్ణి చెయ్యి పట్టుకుని మగపిల్లల వరసలోకి మార్చాం. వాడు ఎదురు చెప్పలేదు. ఆ రోజు నోరు కదిపాడు గానీ పాట రాలేదు. ఆ తర్వాత బడిలో ఎప్పుడూ పాడలేదు. ఆ రోజు స్టేజీ మీద మేము పాడించింది ఎవరికి వారే గొప్ప, అందరం సమానం అనే పాట. ఆ పాట మీద మాకు కోపం అప్పుడు రాలేదు. ఇప్పుడు వస్తోంది, అదీ పాట మీద కాదు.

మనలో పిల్లల కోసం పాటలు కట్టేవాళ్ళు ఇప్పుడు పెరుగుతున్నారు. ఫోనులో రికార్డు చేసి పంపుకుంటున్నారు. సంతోషం. ఐతే వాటిలో కూడా పాత తోటలే కనపడుతున్నాయి. గులాబి తీసి ఇప్పపువ్వు పెట్టి, వీరుల పేర్లు నాలుగు కలిపి, అడవి తల్లీ అని మొదలుపెడితే మా పాట ఐపోయిందనుకుంటున్నారు. పిల్లవాడికి అందులో చేసే పని మళ్ళీ ఒకటే, అప్పజెప్పడం. కొమురం భీము పేరు చెప్పే పాట కూడా పిల్లవాడి పేరు అడగకపోతే మాకు సగం పాటే. కోపం తెచ్చుకోవద్దు. మేము కట్టినవీ అట్లాంటివే.

గోదావరి అవతల కొన్ని మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అక్కడి బళ్ళల్లో ఒక రాష్ట్రం పాట, ఇక్కడ ఇంకో రాష్ట్రం పాట. ఒకే ఇంటిపేరు పిల్లలు అటూ ఇటూ నిలబడి రెండు పాటలు పాడుతున్నారు. పెళ్ళికి కలిసినప్పుడు పాడేది మాత్రం ఒకటే రేల. ఈ మాట ఎందుకో ఇక్కడ చెప్పాలనిపించింది.

తోట పాటను మేము బడిలోంచి తీసేయలేదు. తీసేస్తే తనిఖీకి వచ్చినవాళ్ళు అడుగుతారు. దాని పక్కన ఇంకోటి పెట్టాం. దానికి రాసినవాళ్ళు ఎవరూ లేరు. పిల్లలు చేతులు పట్టుకుని తిరుగుతారు. వంతు వచ్చిన పిల్ల ఒక పువ్వు పేరు, తర్వాత తన ఇంటి పేరు, ఇంట్లో పిలిచే పేరే, చెబుతుంది. మిగతావాళ్ళు ఆ రెంటినీ అందుకుని ఒక చుట్టు తిరుగుతారు. రాగం అప్పుడప్పుడు కుంటుతుంది. పొడుగు పేరు వస్తే అడుగు తప్పుతుంది. ఒకడు జామాయిల్ పువ్వు అన్నాడు. అది కంపెనీ వాళ్ళదని, పాటలోకి రాకూడదని పెద్ద గొడవ. వాడు వినలేదు, మా చేలో ఉంది గదా అన్నాడు. ఉండనిచ్చాం. పట్టీలో జ్యోతి అని ఉన్న పిల్ల మొదటి రోజు జ్యోతి అనే చెప్పింది. వారం తర్వాత జోగి అంది.

తోట ఎవరిదని అడిగిన పాప వంతు వచ్చినప్పుడు మామిడి పూత అంది. పక్కవాడు ఊరుకోలేదు, మామిడి తోటాయనది అన్నాడు. “తోటది కాదు, మా అవ్వ ఇంటి ముందరిది. దానికి కంచె లేదు” అంది. అందరూ అందుకున్నారు. తర్వాతి వాడు తునికి పువ్వు అన్నాడు.